పసుపు పూసిన తాటిదోనె

దేవసహాయం వేసుకున్న పథకం చాలా చిన్నది. శుక్రవారం పొద్దున అనంతగిరిలో మంచి తాటిదోనె ఒకటి చూసుకోవాలి. దాన్ని జానయ్య ఎడ్లబండి మీద పెన్‌పహాడ్ చేర్చాలి. శనివారం సాయంత్రం అత్తగారు వచ్చేలోగా చెరువులో దించి, ఆదివారం ప్రార్థన ముగిశాక ఆమె కంచంలో కొర్రమీను పులుసు పోయాలి. ఈ పథకంలో ఎక్కడా డప్పులు లేవు, కొబ్బరికాయలు లేవు. సూర్యాపేట పెద్దమనుషులు అసలే లేరు.

దేవసహాయం పెన్‌పహాడ్ మిషన్ బడిలో ఉపాధ్యాయుడు. పిల్లలకు ఎక్కాలు చెప్పేటప్పుడు ఎంత గట్టివాడో చేపల విషయంలో అంత మెత్తనివాడు. సెలవు రోజున గాలం పట్టుకొని చెరువు కట్ట మీద కూర్చున్నాడంటే పొద్దు గూకేదాకా లేచేవాడు కాదు. ఒడ్డున దొరికేవన్నీ వేలెడంత పరకలు. పెద్ద చేపలు మాత్రం చెరువు నడిమధ్యన, ఆయనను ఆటపట్టించడానికే అన్నట్టు ఎగిరెగిరి పడేవి. దోనె ఒకటుంటే వాటి సంగతి తేల్చవచ్చునని ఆయన నమ్మకం. నిజాం దొరతనం పోయి ఏడాది దాటింది, ఊరూరా స్వేచ్ఛ వచ్చింది, తనకు మాత్రం చెరువు మధ్యకు పోయే స్వేచ్ఛ రాలేదని భార్య పుష్పలత దగ్గర వాపోయేవాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. కిందటి క్రిస్మస్‌కు కోదాడలో అత్తగారింట భోంచేస్తూ నోరు జారాడు. ఈసారి మా ఊరు వస్తే చేతి పొడుగు కొర్రమీను వండిపెట్టిస్తానని అత్తగారు సాయమ్మకు మాట ఇచ్చాడు. సాయమ్మ తక్కువ మాటల మనిషి. "చూద్దాంలే అల్లుడా," అన్నది. ఆమె ఆ మాట అన్న తీరు ఆయనకు చాలా రోజులు చెవిలో గింగురుమన్నది.

అత్తగారంటే దేవసహాయానికి భయం. ఆ భయానికి కారణం ఒక సైకిలు. అది ఆమె భర్తది. ఆయన బైబిలు సంచీ తగిలించుకొని ముప్పై ఏళ్ళపాటు కోదాడ చుట్టుపక్కల ఊళ్ళన్నీ దాని మీదే తిరిగాడు. ఆయన పోయాక సాయమ్మ దాన్ని తెచ్చి అల్లుడి చేతిలో పెట్టింది. అప్పటినుంచి ఎప్పుడు పెన్‌పహాడ్ వచ్చినా కూతురిని పలకరించక ముందే సైకిలు దగ్గరికి పోయేది. చక్రం తిప్పి చూసేది, గొలుసు తడిమేది, ఒకసారి బెల్లు మోగించి నిట్టూర్చేది. పోయిన మనిషి మీద ఎంత ప్రేమో అని దేవసహాయానికి కళ్ళు చెమర్చేవి. దాని మీద చిన్న గీత పడితే తన గతి ఏమిటని రోజూ రెండుసార్లు తుడిచేవాడు కూడా.

అటువంటి సైకిలును ఆయన దోనెకు మారుగా ఇచ్చేశాడు.

కావాలని ఇవ్వలేదు. అనంతగిరిలో మట్టయ్య అనే బెస్తాయన మంచి దోనెలు చెక్కుతాడని విని, ముందురోజే బడికి సెలవు పెట్టి, తాను సైకిలు మీద, వెనకాల జానయ్య బండి మీద బయలుదేరాడు. చెరువు అంచున దోనెలు వరుసగా ఉన్నాయి. మొదట ఒక సన్నని, నున్నని దోనె కంటబడింది. మట్టయ్య తల అడ్డంగా ఊపాడు. అది లేత చెట్టుదట, రెండు వానలకే మెత్తబడుతుందట. ఇంకొకటి వెడల్పుగా బాగానే ఉంది కానీ పగుళ్ళలో బంకమట్టి కూరి ఉంది. దాని గురించి అడిగితే మట్టయ్య ఆకాశం వంక చూశాడు. చివరికి కానుగచెట్టు నీడన, నల్లగా, అనాకారిగా, గుమ్మడికాయంత మూతితో ఒకటి కనిపించింది. ముదురు తాటిచెట్టు మొదలును తొలిచి చేసినది. దేవసహాయం వేళ్ళ కణుపులతో తట్టాడు. పిల్లల నెత్తిన మొట్టిన అలవాటు కొద్దీ గట్టిగానే తట్టాడు. ఖంగుమంది. నీళ్ళలోకి తోయించి ఎక్కి కూర్చున్నాడు. దోనె ఒక పక్కకు ఒరిగింది, ఆయన ఇంకో పక్కకు ఒరిగాడు, కాసేపటికి ఇద్దరూ రాజీపడి నిలకడకు వచ్చారు. దాంతో ఆయనకు ఆ దోనె మీద మనసు పడింది.

మట్టయ్యకు అప్పటికే సైకిలు బెల్లు మీద మనసు పడింది.

"నాకు పైసలొద్దు సారూ," అన్నాడు మట్టయ్య. "గా సైకిల్ బండి నాకియ్యి. దీన్ని తోలుకపో."

దేవసహాయం సైకిలు కేసి చూశాడు, దోనె కేసి చూశాడు. పులుసు రుచి నోటికి తగిలితే అత్తగారు సైకిలు మాట మరిచిపోతుందని ఒక ఆలోచన వచ్చింది. ఇష్టమైన వస్తువు కళ్ళెదుట ఉన్నప్పుడు మనిషికి వచ్చే ఆలోచనలన్నీ ఇలాగే ఉంటాయి.

బేరం కుదిరాక మట్టయ్య దోనె పెంపకం గురించి పాఠం చెప్పాడు. "దీనికి ఎండ తాకనియ్యకు సారూ. తడి ఆరిందంటే పగులుతది. తొవ్వల గూడ నీళ్లు పోసుకుంటనే పో. పని లేనప్పుడు నీళ్లల్ల ముంచిపెట్టు. నీళ్లల్ల ఉన్నదానికి ఏ రోగం రాదు."

బదులుగా దేవసహాయం సైకిలు గురించి చెప్పాడు. దాన్ని ప్రాణంలా చూసుకోవాలన్నాడు. వెనక చక్రం కాస్త వదులుగా ఉన్నదని కూడా నిజాయితీగా ఒప్పుకున్నాడు. మట్టయ్య ఆ చక్రాన్ని పట్టి ఊపి చూసి, బండిచక్రాలు ఎన్ని బిగించలేదు, ఇదెంత పని అన్నాడు. దేవసహాయం ఆ మాట పట్టించుకోలేదు. పట్టించుకోవలసింది.

దోనెను బండికెక్కించి, కడుపు నిండా తడిగడ్డి కూరి, చుట్టూ తడి గోనెపట్టాలు కట్టారు. బయలుదేరబోతుండగా మట్టయ్య భార్య లచ్చమ్మ ఏడుస్తూ వచ్చింది. దోనె అంటే గంగమ్మ, ఆడపిల్లను పంపినట్టు పంపాలన్నది. దాని మూతికి పసుపు రాసింది, కుంకుమబొట్లు పెట్టింది, బంతిపూల దండ వేసి, వేపమండలు గుచ్చి, పైన తన ఎర్రచీర ముక్క కప్పింది. మిషన్ బడి ఉపాధ్యాయుడికి ఇదంతా ఇబ్బందిగానే ఉంది. కానీ ఏడుస్తున్న ఆడమనిషికి అడ్డు చెప్పడం ఏ బడిలోనూ ఆయనకు నేర్పలేదు.

కోదాడ బజారులో మాత్రం ఆయన తలకు తువ్వాలు చుట్టుకొని, అత్తగారి వీధి తప్పించి, చుట్టూ తిప్పి తోలించాడు. కోదాడ దాటి కొంత దూరం పోయేసరికి ఎండ చురుక్కుమన్నది, గోనెపట్టాలు ఆరడం మొదలైంది. దారిపక్క ఊరి బావి దగ్గర బండి ఆపారు. జానయ్య బావిలోకి తొంగి చూశాడు. నీళ్ళు ఎక్కడో పాతాళంలో ఉన్నాయి. ఆయనకు అక్కడే నీరసం వచ్చింది.

ఆ బావి దగ్గర వీరమ్మ అనే ఆవిడ బిందె నింపుకొని ఉన్నది. ఊళ్ళో ఏ శుభకార్యమైనా ఆమె చేయి పడనిదే జరగదు. ఆమె బండి చుట్టూ ఒకసారి తిరిగింది. పొడుగాటి మాను, మీద ఎర్రగుడ్డ, మూతికి పసుపు కుంకుమలు, పూలదండ. ఆమెకు ఇంకేమీ అడగవలసిన పని లేదు. అయినా అడిగింది.

"ఏ ఊరికి పోతున్నదన్నా?"

"పెన్‌పహాడ్‌కు," అన్నాడు జానయ్య. అది అబద్ధమేమీ కాదు.

వీరమ్మ చెంగు నడుముకు దోపి, నిండు బిందె ఎత్తి, భక్తిగా మాను మీద కుమ్మరించింది. కొత్త గుడికి ధ్వజస్తంభం పోతుంటే దారిలో ఉన్న ప్రతి ఊరూ నీళ్ళు పోసి సాగనంపుతుంది. అది అక్కడి ఆనవాయితీ. గొడవల కాలంలో ఆగిపోయిన గుళ్ళ పనులన్నీ ఆ ఏడే మళ్ళీ మొదలయ్యాయి కనుక ఎవరికీ అనుమానం కలగలేదు.

దేవసహాయం నోరు తెరిచాడు. జానయ్య ఆయన మోకాలు నొక్కాడు. "నీళ్లు పోస్తున్నరు గద సారూ. మనకు చేదుడు తప్పె. పోయనియ్."

దేవసహాయం బావి లోతు మరొకసారి చూసి నోరు మూసుకున్నాడు. ఆయన పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడిన మనిషి కాదు. ఇప్పుడు కూడా ఆడవలసిన అవసరం రాలేదు. దగ్గితే సరిపోయింది.

వీరమ్మ ఒక్క బిందెతో ఊరుకునే రకం కాదు. కేక వేసి వాడంతటినీ పిలిచింది. దోనె చల్లగా తడిసింది. బండి కదలబోతుంటే, మగవాళ్ళిద్దరే స్తంభాన్ని తీసుకుపోవడం ఏమిటి, పద్ధతి చెప్పడానికి ఒక పెద్ద ముత్తైదువ ఉండొద్దా అని తానూ వెంట నడిచింది. పక్క ఊరి దాకా వచ్చి వెనక్కి పోతుందనుకున్నారు. పక్క ఊళ్ళో ఆమెను చూసి ఇంకో పది మంది బయలుదేరారు.

మంచి మాట బండి కంటే వేగంగా పోతుంది. ఒక ఊళ్ళో పెన్‌పహాడ్ స్తంభం వస్తున్నదన్నారు. తరువాతి ఊళ్ళో అది గోదావరి అడవుల నుంచి వస్తున్నదన్నారు. ఆ తరువాతి ఊరికి చేరేసరికి అది గోదావరిలో ఎదురీది తానుగా ఒడ్డుకు వచ్చిందని తెలిసి దేవసహాయమే ఆశ్చర్యపోయాడు. ఏ కర్ర అని ఒక ముసలాయన అడిగితే "గట్టి కర్ర" అని చెప్పి తప్పించుకున్నాడు. ఆ ముసలాయన మాను మీద చెయ్యి వేసి, తన నడుము నొప్పి తగ్గినట్టే ఉందన్నాడు. దాంతో నడుము నొప్పులున్నవాళ్ళంతా వరుసకట్టారు.

హుజూర్‌నగర్ పొలిమేరలో డప్పులు ఎదురొచ్చాయి. ఆ పూట అక్కడే మకాం. దేవసహాయానికీ జానయ్యకూ విస్తరి నిండా భోజనం పెట్టారు. జానయ్య మూడోసారి పెరుగు పోయించుకుంటుంటే దేవసహాయానికి ముద్ద దిగలేదు. ఆయన చూస్తుండగానే కొబ్బరికాయలు బండిలో గుట్టపడుతున్నాయి.

"జానయ్యా, పొద్దుగాల్నే అందరికీ నిజం చెప్తా," అన్నాడు.

"చెప్పు సారూ. చెప్పినంక ఏం జేస్తరో గది గూడ జర సోచాయించు. గింతమందితోని మొక్కిచ్చుకున్న మొద్దును ఊకె ఇడిసిపెడ్తరా? గొడ్డలి తెస్తరు."

దేవసహాయం ముందున్న విస్తరి పక్కకు జరిపాడు. సైకిలు పోయింది. ఇప్పుడు దోనె కూడా పొయ్యిలోకి పోతే అత్తగారి ముందు ఏ ముఖం పెట్టుకొని నిలబడాలి? ఆయన పరువు, ఆయన కొర్రమీను, ఆయన మాట, అన్నీ ఆ ఎర్రగుడ్డ కిందే ఉన్నాయి. తెల్లారి ఆయన బండెక్కి, ఎవరూ గుడ్డ ఎత్తకుండా దాని మీద కూర్చున్నాడు. స్తంభం మీద కూర్చోవచ్చా అని ఎవరో సణిగారు. ఆయన ఉపవాసం ఉన్నాడని, మొక్కు ఉన్నదని వీరమ్మ వాళ్ళ నోరు మూయించింది. ఆమెకు ఆ సంగతి ఎవరు చెప్పారో దేవసహాయానికి తెలియదు.

శనివారం మధ్యాహ్నం సన్నని జల్లు పడింది. ఇక చెప్పేదేముంది, స్తంభం వల్లే వాన వచ్చిందన్నారు. బండి గరిడేపల్లి చెరువు కట్ట ఎక్కేసరికి వెనకాల జనం బారులు తీరి ఉన్నారు. ఆ జనం వెనకాల, కోదాడ నుంచి మిర్యాలగూడెం పోయే మోటారు బస్సు దారి దొరక్క హారన్ కొడుతూ ఆగిపోయింది. ఎవరూ పక్కకు జరగలేదు.

కట్ట చివర దారి రెండుగా చీలుతుంది. ఒకటి మిర్యాలగూడెం వైపు, ఒకటి పెన్‌పహాడ్ మీదుగా సూర్యాపేట వైపు. సరిగ్గా ఆ చీలిక దగ్గర రెండు గుంపులు నిలబడి ఉన్నాయి. ఒక గుంపు ముందు సూర్యాపేట రామలింగయ్య ఉన్నాడు. తెల్లటి తలపాగా, చేతిలో పొన్నుకర్ర, ఊళ్ళో గుడి కట్టిస్తున్న పెద్దమనిషి. రెండో గుంపు ముందు మిర్యాలగూడెం వ్యాపారి హీరాలాల్ ఉన్నాడు. ఆయన కూడా ఒక గుడి కట్టిస్తున్నాడు. ఇద్దరూ టేకు స్తంభాల కోసం అడవికి మనుషుల్ని పంపి నెలలైంది. ఒక్క పుల్ల కూడా రాలేదు.

పెన్‌పహాడ్‌లో గుడి కడుతున్నట్టు ఎవరూ వినలేదు కనుక, వస్తున్న స్తంభం దారి తప్పిన తమదేనని ఇద్దరూ తేల్చుకున్నారు.

రామలింగయ్య ముందుకు వచ్చి దేవసహాయానికి దండం పెట్టాడు. "అయ్యా, పుణ్యాత్ములు మీరు. మా స్తంభాన్ని కాపాడి తెచ్చిండ్రు. ఇగ మేం తీస్కపోతం."

"అరె, మీదెట్లయితది?" అన్నాడు హీరాలాల్. "మేం చెప్పిన పొడుగే ఉంది. సూడుండ్రి, మేం చెప్పిన లావే ఉంది. బండి ఇటు తిప్పు భాయ్."

ఇది తనదేనని చెప్పడానికి దేవసహాయం లేచి నిలబడ్డాడు. గొంతు పెగల్లేదు. రెండు రోజులుగా దగ్గీ దగ్గీ నిజంగానే గొంతు పోయింది. ఈలోగా సూర్యాపేటవాళ్ళు కుడిఎద్దు తాడు పట్టుకున్నారు. మిర్యాలగూడెంవాళ్ళు ఎడమఎద్దు తాడు పట్టుకున్నారు. ఎటు పోవాలో తెలియక ఎడ్లు రెండూ వెనక్కి నడిచాయి. బండి చక్రం తడిసిన కట్ట అంచున జారింది, బండి వెనక్కి ఒరిగింది. రెండు రోజుల నీళ్ళకు నాని సాగిపోయిన తాళ్ళు వదిలేశాయి. స్తంభం, దాని మీద దేవసహాయం, ఆయన చేతికి దొరికిన పూలదండ, అందరూ కలిసి కట్ట వాలున జర్రున జారి గరిడేపల్లి చెరువులో పడ్డారు.

జనం గొల్లుమన్నారు. రామలింగయ్య తలపట్టుకున్నాడు. అంత బరువు మాను అడుగుకు పోతుందని, ఉపవాసం ఉన్నాయన కూడా దాంతోపాటే పోతాడని అందరూ అనుకున్నారు.

స్తంభం తేలింది. తేలడమే కాదు, మూతి పైకెత్తి హాయిగా ఊగుతూ చెరువు మధ్యకు సాగింది. గోనెపట్టాలు ఊడిపోయాయి, గడ్డి నీళ్ళ మీద పరుచుకుంది. దాని బోలు కడుపులో, భుజాన ఎర్రగుడ్డతో, మెడలో బంతిపూలతో దేవసహాయం కూర్చొని ఉన్నాడు. అంత భయంలోనూ ఆయనకు ఒక సంగతి తట్టింది. దోనె అడుగు నుంచి చుక్క నీరు ఊరలేదు. ఎంత మంచి దోనె ఎంచుకున్నానని ఆయన మనసు పొంగిపోయింది.

కట్ట మీద డప్పులు ఒకదాని తరువాత ఒకటి ఆగిపోయాయి. ఎవరో మెల్లగా "దోనె" అన్నారు.

రామలింగయ్య గొంతు సవరించుకొని హీరాలాల్ వైపు తిరిగాడు. "తీస్కపోండ్రి. మీదే."

"నై నై," అన్నాడు హీరాలాల్. "పెద్దలు మీరు. మీరే ముందు మాదని చెప్పిండ్రు. సూర్యాపేటదే."

"మాది టేకుది. మాది గిట్ల తేలదు."

"మాది ఇంకా అడవిలోనే ఉంది. నాకు ఇప్పుడే యాదికొచ్చింది."

జనం మాత్రం అంత తేలికగా తప్పుకోలేకపోయారు. కోదాడ నుంచి గరిడేపల్లి దాకా ప్రతి ఇల్లూ ఒక బిందె పోసింది. తిట్టాలంటే ముందు తాము మోసపోయామని ఒప్పుకోవాలి. నడుము నొప్పి తగ్గిన ముసలాయనకైతే మళ్ళీ నొప్పి మొదలైంది. ఒకరిద్దరు గొడ్డలి మాట ఎత్తారు. నీళ్ళ మధ్యన ఉన్న దేవసహాయానికి ఆ మాట స్పష్టంగా వినపడింది. దోనె నడిపే గడ బండిలోనే ఉండిపోయింది, ఆయనకు ఈత రాదు. ఒడ్డుకు రావాలన్నా భయమే, రాకపోయినా భయమే.

అప్పుడు వీరమ్మ ముందుకు వచ్చింది. తాను మొదలుపెట్టిన శుభకార్యం చెడిపోవడం ఆమె జన్మలో లేదు.

"ఏం తప్పయింది?" అని నడుము మీద చేతులు పెట్టుకొని అడిగింది. "దోనె అంటే గంగమ్మ గాదా? గంగమ్మ బండెక్కి తొవ్వెంట పోతుంటే నీళ్లు పోసి సాగనంపినం. ఇగ ఇండ్లకు నడువుండ్రి."

ఇంతకంటే మంచి మాట ఎవరికీ దొరకలేదు. రామలింగయ్య వెంటనే ఒప్పుకున్నాడు, ఆయన కంటే ముందు హీరాలాల్ ఒప్పుకున్నాడు. రెండు రోజులుగా పోగైన జనం వక్క నమిలేలోగా ఖాళీ అయ్యారు. పోతూపోతూ కొబ్బరికాయలు మాత్రం ఎవరివి వాళ్ళు ఏరుకున్నారు.

దారి ఖాళీ కాగానే మోటారు ముందుకు వచ్చి ఆగింది. దాని మీది నుంచి ఒక మనిషి సైకిలు దింపుకొని, భుజాన వేసుకొని, కట్ట మీద పరుగెత్తుకుంటూ వచ్చాడు. మట్టయ్య. సైకిలు నుంచి నీళ్ళు కారుతున్నాయి. గొలుసుకు నాచు వేలాడుతోంది.

"సారూ, నీ దోస్తీ వద్దు, నీ బండి వద్దు," అని ఒడ్డు నుంచే మొదలుపెట్టాడు. "చక్రం వదులున్నదంటివి. బండిచక్రం వదులైతే ఏం జేస్తం? చెరువుల నానబెడ్తం, బిగుసుకుంటది. గట్లనే పానం లెక్క సూసుకొని నిన్న నానబెట్టిన. పొద్దుగాల తీస్తే చక్రం గాదు, మొత్తం బండే బిగుసుకున్నది. బెల్లు గూడ మోగుతలేదు. మా లచ్చమ్మ బువ్వ తింటలేదు, దోనె కావాలంటది. నా దోనె నాకియ్యి."

వేరే సమయంలో అయితే దేవసహాయం ఆ సైకిలును చూసి మూర్ఛపోయేవాడు. కానీ అదే మోటారులో అత్తగారు కూడా ఉండి ఉంటుందని ఆయనకు తట్టింది. కోదాడ నుంచి ఆ పూట వచ్చే మోటారు అదొక్కటే. ఆమె దిగి వచ్చేసరికి సైకిలు తన చేతిలో ఉండాలి. బిగుసుకుపోయినా సరే, నాచు పట్టినా సరే, ఉండాలి. ఇక చేప మాటంటారా, దానికేదో ఒక సాకు చెప్పవచ్చు.

"సరే, తీసుకో. తొందరగా లాగు," అన్నాడు బొంగురు గొంతుతో.

మట్టయ్య ఈదుకుంటూ వచ్చి దోనెను ఒడ్డుకు లాగాడు. దేవసహాయం దిగీ దిగగానే సైకిలు పట్టుకున్నాడు. మట్టయ్య బండిలోని గడ అందుకొని దోనె ఎక్కాడు. చెరువు అవతలి ఒడ్డున తన బావమరిది ఉన్నాడని, ఇప్పటికి దోనె అతని దగ్గర ఉంచుతానని చెప్పి, గడ వేసి సాగిపోయాడు. దోనె నీళ్ళ మీద ఎంత నెమ్మదిగా, ఎంత అందంగా పోతున్నదో దేవసహాయం ఒక్కసారి తల తిప్పి చూశాడు. ఎర్రగుడ్డతో సైకిలుకు అంటిన నాచు గబగబా తుడవడం మొదలుపెట్టాడు.

వెనకాల అడుగుల చప్పుడైంది. సాయమ్మ మెల్లగా కట్ట దిగి వచ్చింది.

"సైకిలు మంచిగానే ఉందత్తమ్మా," అన్నాడు దేవసహాయం అడక్కముందే. "కొంచెం తడిసింది అంతే. నూనె వేస్తే తిరుగుతది."

సాయమ్మ ఆ సైకిలును చూసింది. చక్రం తిప్పబోయింది, తిరగలేదు. గొలుసు తడిమింది, కదలలేదు. బెల్లు నొక్కింది, మోగలేదు. ఆమె ముఖం వెలిగిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో దేవసహాయం ఆమె నవ్వు చూడటం అదే మొదటిసారి.

"ఇన్నాళ్లకు," అన్నది.

"అంటే?"

"ముప్పై ఏళ్లు అల్లుడా. పొద్దున ఆ బెల్లు మోగితే మనిషి పోయేవాడు. మళ్ళీ ఆ బెల్లు ఎప్పుడు మోగుతదా అని వాకిట్లో కూర్చునేదాన్ని. పొయ్యి మీద కూర చల్లారిపోయేది. ఆయన మంచోడే. ఆ బెల్లే నా పాలిట శని. ఇంట్లో పెట్టుకోలేక తెచ్చి నీకిచ్చాను."

"మరి వచ్చినప్పుడల్లా దాన్నే చూసేవారు కదా?"

"ఇంకెన్నాళ్లకు పాడైతదా అని చూసేదాన్ని."

దేవసహాయం సైకిలు పట్టుకున్న చేయి వదిలేశాడు. అది పడలేదు. అంతగా బిగుసుకుపోయింది.

సాయమ్మ మాటలు ఆగలేదు. తక్కువ మాటల మనిషి ఒకసారి మొదలుపెడితే ఇంతే. సైకిలు మీద మోజుతో మట్టయ్య దోనె ఇచ్చేసిన సంగతి మోటారులో జనం చెప్పుకుంటుంటే ఆమె చెవిన పడిందట. కృష్ణ ఒడ్డున మట్టపల్లి ఆమె పుట్టిల్లట. చిన్నప్పుడు తండ్రి ఆమెను దోనె మూతి దగ్గర కూర్చోబెట్టుకొని నది మీదికి తీసుకుపోయేవాడట. పెళ్ళయ్యాక మళ్ళీ దోనె ఎక్కలేదు. చెబుతుంటే ఆమె కళ్ళు తడిశాయి, తుడుచుకోలేదు కూడా.

"అల్లుడు దోనె కొన్నాడని వినగానే పానం లేచొచ్చింది. మోటార్లో నుంచి చూశాను, నువ్వు దండ వేసుకొని నీళ్ల మీద పోతుంటే మా నాయనే కనపడ్డాడు. కొర్రమీను మాట తరువాత. ముందు నన్ను దోనె ఎక్కించు. ఏదీ?"

దేవసహాయం చెరువు వైపు చూశాడు. దోనె అవతలి ఒడ్డుకు దగ్గరపడింది. ఉన్న కాస్త గొంతుతో మట్టయ్యను పిలిచాడు. జానయ్య కూడా పిలిచాడు. చివరికి సాయమ్మ కూడా చేయి ఊపింది. మట్టయ్య వెనక్కి తిరిగి చూశాడు. చదువుకున్నవాళ్ళు వీడ్కోలు ఎంత మర్యాదగా చెబుతారో అనుకొని, తానూ సంతోషంగా చేయి ఊపి, తుంగలోకి మాయమయ్యాడు.

సాయమ్మ నీళ్ళ వైపు చూసింది. తరువాత అల్లుణ్ణి చూసింది. "చూద్దాంలే అల్లుడా," అన్నది.

మళ్ళీ జల్లు మొదలైంది. జానయ్య సైకిలును బండిలో అడ్డంగా పడుకోబెట్టి, తడవకుండా ఎర్రగుడ్డ కప్పాడు. పూలదండ పారెయ్యడం ఎందుకని హ్యాండిలుకు తగిలించాడు. సాయమ్మ ముందు కూర్చుంది. దేవసహాయం వెనక, సైకిలు పక్కన, రేపు పుష్పలత చేత ఏ పప్పుచారు పెట్టించాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాడు.

పెన్‌పహాడ్ పొలిమేర రాగానే డప్పులు వినిపించాయి. తమ ఊరికి ఏదో స్తంభం వస్తున్నదని పొద్దుటి నుంచి వింటూ, గుడి తరువాత కట్టుకోవచ్చులే అని ఊరు ఊరంతా బిందెలతో నిలబడి ఉంది. ఆ జనంలో పుష్పలత కూడా ఉంది.

ఈసారి దేవసహాయం దగ్గలేదు. బండి మీద లేచి నిలబడ్డాడు. ఎర్రగుడ్డ ఎత్తి అందరికీ చూపించాడు. ఎక్కాలు చెప్పే గొంతు మిగిలినంత కూడదీసుకొని, ఇది స్తంభం కాదని, సైకిలు అని, నీళ్ళు తగిలితే పాడవుతుందని విడమరిచి చెప్పాడు. ఊరివాళ్ళు శ్రద్ధగా విన్నారు. హ్యాండిలుకు ఉన్న బంతిపూల దండ చూశారు. ఇంత దూరం మోసుకొచ్చిన బిందెలు చూసుకున్నారు. తరువాత ఒక్కొక్కరే వచ్చి పోశారు. సాయమ్మ కూడా బండి దిగి, కూతురి చేతిలోని బిందె అందుకుంది.

అందరికంటే పెద్ద బిందె సాయమ్మది.